కొలంబో మున్వర్ పాదాలు

ప్రొద్దుటూరు బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో రేడియో సిలోను పెట్టినప్పుడల్లా మున్వర్ టీ గ్లాసు పట్టుకొని అట్లాగే నిలబడిపోతాడు. మిగతావాళ్లు పాట వింటారు. ఆయన వినేది పాట కాదు. ఆ పాట ఎక్కణ్ణుంచి వస్తోందో ఆ ఊరి వీధులు, ఆ వీధుల చివర సముద్రం, ఆ సముద్రపు గాలికి ఒక పక్కకు వంగిన కొబ్బరిచెట్లు ఆయన కళ్ల ముందు తిరుగుతుంటాయి. పాట అయిపోయి సబ్బుల ప్రకటన మొదలయ్యాక గ్లాసు కింద పెట్టి పత్తిమిల్లు దారి పడతాడు. అక్కడ కాటా దగ్గర బోరాలు తూచడం ఆయన పని. నిండా ముప్పయి మూడేళ్లు లేవు. ఊళ్లో అందరికీ ఆయన కొలంబో మున్వర్.

కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని, టీ తోటల్లో కూలికి పోయి వచ్చాడు కాబోలు అనుకుంటారు. కాదు. మున్వర్ కొలంబోకు బంతి తన్నడానికి పోయాడు. బంతి తన్నినందుకు నెలనెలా జీతమిచ్చి, ఉండటానికి గది ఇచ్చి, జ్వరమొస్తే డాక్టరును పిలిపించే చోటు ఒకటుందంటే మా జిల్లాలో అప్పుడు నమ్మినవాడు ఒక్కడే. ఆయన హైస్కూలు డ్రిల్లు అయ్యవారు గురురాజారావు. మిగతా జనం నమ్మలేదు సరికదా, నవ్వారు. మావాళ్లకు నవ్వడం వచ్చినంత తొందరగా నమ్మడం రాదు.

మున్వర్ తండ్రి ఫకీర్ సాహెబుది కళాయి పని. రాగి గిన్నెలకు, ఇత్తడి బిందెలకు తెల్లగా మెరుగు పెట్టేవాడు. ఇంటికి నాలుగు అడుగుల దూరంలో పెన్న. వేసవిలో ఏరు ఎండిపోతే ఊరి పిల్లలందరికీ ఆ ఇసుకే మైదానం. ఇసుకలో బంతి దొర్లదు, తన్నిన చోటే కూరుకుపోతుంది. అందుకని మున్వర్ దాన్ని నేలకు తగలనిచ్చేవాడు కాదు. మునివేళ్లతో ఎత్తి, మోకాలితో తోసి, మళ్లీ పాదం మీద పట్టుకొని ఏటి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తీసుకుపోయేవాడు. మిట్టమధ్యాహ్నం ఇసుక పెనంలా కాలుతున్నా వాడికి లెక్కలేదు. చెప్పు అనేది వాడి కాలికి తెలియదు. అరికాళ్లు అంత మందంగా ఉండేవి, తుమ్మముల్లు గుచ్చుకుంటే ముల్లే విరిగేది.

గురురాజారావు అయ్యవారిది పులివెందుల. సన్నగా, పొడుగ్గా, పంచె ఎగగట్టి, మెడలో జంధ్యంతో పాటు విజిలు కూడా వేలాడేసుకొని తిరిగే మనిషి. ఒకసారి మా స్కూలు జట్టును తన సొంత ఊరికి తీసుకుపోయాడు. అక్కడి మైదానం నిండా పలుగురాళ్లే. పులివెందుల పిల్లలు గుడ్డబూట్లు వేసుకొని ఆడారు. మున్వర్ వట్టికాళ్లతో ఆడి మూడు గోల్స్ కొట్టాడు. జమ్మలమడుగులోనూ అంతే, అక్కడ ఓడిపోయిన కోపానికి జనం మా లారీ మీద మట్టిపెళ్లలు విసిరారు. ఆ రోజు లారీలో అయ్యవారు మున్వర్ కాలు ఒళ్లో పెట్టుకొని, అరికాలి మీద వేలితో కొట్టి చూసి, ఇది కాలు కాదురా గిట్ట అని మురిసిపోయాడు.

ఆ పాదాలకు ఇంకొక పని కూడా ఉండేది. మొహర్రం పదో రోజు తెల్లవారేటప్పుడు పీర్ల చావిడి ముందర నిప్పుల గుండం దాటాలి. ఊళ్లో ఉన్న ఏడు పీర్లలో పెద్ద పీరును పట్టే హక్కు ఫకీర్ సాహెబు ఇంటిది. ముత్తాత నుంచి వస్తున్నది. పెద్ద పీరు పట్టినవాడు మూడుసార్లు గుండం దాటాలి, పరుగెత్తకూడదు. మనసులో మైల లేనివాణ్ణి నిప్పు తాకదని హిందువులూ ముస్లిములూ అందరూ నమ్ముతారు. ఆ ఇంట్లో ఇంకొక కట్టడి ఉంది. పీరు పట్టేవాడు బక్రీదు నాడు చెప్పులు విడిచి, గుండం దాటేదాకా మళ్లీ తొడగకూడదు. అది భక్తి అనే అందరూ అనుకునేవారు, ఫకీర్ సాహెబు కూడా అట్లాగే చెప్పేవాడు. ఆయన మోకాళ్లు పట్టేశాక పదిహేడో ఏట మున్వర్ పీరు భుజానికెత్తుకున్నాడు. ఆరేళ్లు ఎత్తుకున్నాడు. ఒక్క బొబ్బ లేవలేదు. పూలతోటలో నడిచి వచ్చినట్టు వచ్చేవాడు.

గురురాజారావు ఊరుకునే రకం కాదు. సెలవు పెట్టి, మున్వర్‌ను ఎర్రగుంట్లలో రైలెక్కించి మద్రాసు తీసుకుపోయాడు. అక్కడి జట్లలో బూట్లు లేకుండా మైదానంలో కాలు పెట్టనివ్వరు. బూట్లు తొడిగిన మొదటి వారం మున్వర్ లాడాలు కొట్టించుకున్న కోడెదూడలా కాళ్లు ఎత్తెత్తి వేశాడట. రెండు నెలలకు అలవాటైంది. ఆరు నెలలకు కొలంబో రేవులో సరుకు ఎగుమతి చేసే ఒక కంపెనీ మనిషి వచ్చి ఆట చూసి, కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆ కాగితం ప్రకారం మున్వర్ గుమాస్తా. చేయాల్సిన పని మాత్రం కుడివైపు ముందు వరసలో ఆడటం. మద్రాసు మనది కాదని తేలిపోయి, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది అది. అంతకు ముందు నెలలోనే పులివెందుల పిల్ల ఖైరున్నీసాతో నిఖా అయింది. వచ్చి తీసుకుపోతానని ఆమెకు చెప్పి ధనుష్కోడి రైలెక్కాడు.

కొలంబో గురించి మున్వర్ ఎవరు అడిగినా చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు. మైదానం నిండా పచ్చిక, ఆ పచ్చిక ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఇసుకలో కూరుకుపోయే బంతికి అలవాటు పడినవాడికి, అక్కడ బంతి తన్నకముందే పారిపోతున్నట్టు ఉండేది. ఒక సీజనంతా పట్టింది అది లొంగడానికి. లొంగాక మాత్రం వాడి దారికి అడ్డొచ్చినవాడు లేడు. బంతిని నేలకు తగలనివ్వకుండా తీసుకుపోయే ఆ పెన్నేటి విద్యను అక్కడి జనం అంతకు ముందు చూడలేదు. శనివారం సాయంత్రం గట్ల మీద నిలబడి మద్రాస్, మద్రాస్ అని అరిచేవారు. మద్రాసు మాది కాదు, మాకు వేరే రాష్ట్రం వచ్చిందని వాడు మొదట్లో అందరికీ విడమరిచి చెప్పబోయాడు గానీ, తర్వాత విసుగొచ్చి వదిలేశాడు.

గదిలో తోడు లంక ఉత్తరాన ఉన్న యాళ్పాణం నుంచి వచ్చిన గోల్‌కీపరు. కొబ్బరిపాలు పోసి చేపల పులుసు వండేవాడు. శుక్రవారం నమాజుకు ఎర్రచారల మసీదు. ఆదివారం సముద్రపు గట్టు. వాడి బొమ్మ ఒకసారి ఇంగ్లీషు పేపర్లో పడితే, ఆ ముక్క కత్తిరించి అయ్యవారికి పంపాడు. ఆయన దాన్ని స్కూలు నోటీసు బోర్డుకు అంటించి, నెల రోజుల దాకా ఎవరినీ తీయనివ్వలేదు. నవ్విన జనమంతా వరసలో నిలబడి చూసిపోయారు. అంత మంచి రోజులు మనిషికి రెండుసార్లు రావు, మున్వర్‌కూ రాలేదు.

జట్టును చూసుకునే ముసలాయన ఒకడుండేవాడు. అరికాలి తోలు గట్టిగా ఉంటే బూటు లోపల బొబ్బలు లేస్తాయని వారానికొకసారి అందరి కాళ్లూ నానబెట్టించి, నున్నటి రాయితో అరికాళ్లు గీకించి, నూనె రాయించేవాడు. మున్వర్ పాదాలతో ఆయన ఏడాది పైగా కుస్తీ పట్టాడు. చివరికి గెలిచాడు. రెండో ఏడు సెలవుకు వచ్చినప్పుడు ఖైరున్నీసా వాడి కాలు పట్టుకు చూసి, నా కాళ్ల కంటే నీ కాళ్లే మెత్తగుండాయి, నువ్వు ఆడేది బంతాటా లేక పరుపు మీద పడుకోవడమా అని ఎగతాళి చేసింది. వాడు నవ్వాడు. అప్పుడు ఇద్దరికీ ఇంకేమీ తోచలేదు.

వాడు లేని ఆ రెండేళ్లూ పీరును ఫకీర్ సాహెబే ఎత్తుకున్నాడు. మూడో ఏడు ఆయన జాబు రాయించాడు. మోకాళ్లు లేవనీయడం లేదు, నువ్వు రాకపోతే పీరు సర్దార్ ఇంటికి పోతుంది అని అందులో ఉంది. సర్దార్ అంటే ఫకీర్ సాహెబు తమ్ముడి కొడుకు. ఆ పీరు మీద వాడికి చిన్నప్పటి నుంచీ కన్ను. కంపెనీవాళ్లు మున్వర్‌కు మూడు వారాలు సెలవిచ్చారు. పడవా రైళ్లూ పోను, గుండానికి నాలుగు రోజులు ముందుగా ఇల్లు చేరాడు. తిరిగి పోయేటప్పుడు ఖైరున్నీసాను వెంట తీసుకుపోవాలని వేరే గది కూడా మాట్లాడి వచ్చాడు. ఆమె ట్రంకు పెట్టె సర్దుకొని కూర్చుంది.

ఆ తెల్లవారుజామున చావిడి ముందు ఊదు పొగ, డప్పులు, హసన్ హుస్సేన్ కేకలు. పట్టు దట్టీలు చుట్టిన పెద్ద పీరును ఎత్తుకొని మున్వర్ గుండంలో అడుగు పెట్టాడు. రెండో అడుగుకే తెలిసిపోయింది. పచ్చి మాంసం మీద నిప్పు పడినట్టుంది. ఒకసారి దాటి అవతల, తండ్రి ముందర నిలబడ్డాడు. అక్కడే పీరును ఇంకొకరి చేతికి ఇచ్చేయవచ్చు, కాళ్లు కొంతైనా దక్కేవి. ఇవ్వలేదు. మూడుసార్లు దాటాలి కాబట్టి ఇంకా రెండుసార్లు దాటాడు. నడిచే దాటాడు. పీరును దాని స్థానంలో నిలబెట్టి, అప్పుడు పడిపోయాడు.

పైకి ఎత్తినప్పుడు అందరూ అరికాళ్లు చూశారు. అంతే, డప్పులు ఆగిపోయాయి. ఆ నిమిషం నుంచి ఊరు మాట్లాడటం మొదలుపెట్టింది. సముద్రం దాటి పోయినవాడు ఏం తిన్నాడో, ఏం తాగాడో, ఎవరెవరితో తిరిగాడో అని మొదట గొణుగుళ్లు. తర్వాత గొణగడం కూడా మానేసి గట్టిగానే అన్నారు. నోటీసు బోర్డు ముందు వరసలో నిలబడిన మనుషులే. మైలపడినవాడి ఇంట్లో పీరు ఎట్లా ఉంటుందని సర్దార్ చావిడిలో పదిమందినీ కూర్చోబెట్టి అడిగాడు. పెద్దలు వచ్చే మొహర్రం దాకా గడువిచ్చారు. అప్పుడు కూడా కాలితే, లేదా ఫకీర్ సాహెబు ఇంటి నుంచి పీరు పట్టే మనిషే లేకపోతే, హక్కు సర్దార్‌కు పోతుంది.

జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో నెలా పదిరోజులు. గురురాజారావు ప్రతి ఆదివారం బస్సులో వచ్చేవాడు. మూడో ఆదివారం కట్టు విప్పినప్పుడు అరికాళ్ల అంచుల్లో కాలని చోట చర్మాన్ని బొటనవేలితో ఒత్తి చూశాడు.

"మున్వరూ, ఇది మైలా కాదు, పాడూ కాదురా. మూడేండ్లు బూట్లలో పెట్టి, గీకి గీకి పసిబిడ్డ పాదాలు చేసుకొని వచ్చినావు. ఈ మాట నేను చావిడిలో నిలబడి చెప్తా. ఎవడు నోరెత్తుతాడో చూస్తా."

"చెప్పొద్దు అయివారూ."

"ఏం? నిన్ను తాగుబోతంటాండారు, తిరుగుబోతంటాండారు. పడతావా?"

"పడతా. మీరు ఆ మాట చెప్తే, మా నాయన ముప్పయ్యేండ్లు గుండం దాటింది తోలు మందంతోనే అని చెప్పినట్లయితాది. మా తాతనూ అంతే. దాంట్లో ఏది నిజమో నాకు తెల్దు. కానీ ఆయన దగ్గర ఉండేది అదొక్కటే అయివారూ. అది తీసేస్తే కళాయి గిన్నెలు తప్ప ఏముంది ఆయనకు?"

అయ్యవారు కోపంతో లేచి వరండాలోకి పోయాడు. పంచె చెంగుతో ముఖం తుడుచుకొని తిరిగి వచ్చాడు. ఆ తర్వాత ఆ మాట ఆయన ఎక్కడా అనలేదు. అంత నోరున్న మనిషికి అది ఎంత కష్టమో తెలిసినవాళ్లకే తెలుసు.

కాళ్లు మానాయి. ఈలోగా తెలంగాణ కూడా కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. మాఘమాసంలో కొలంబో నుంచి ఉత్తరం వచ్చింది. నీ స్థానం ఎవరికీ ఇవ్వలేదు, మార్చి ఆఖరుకు వచ్చి చేరితే చాలు అని కంపెనీవాళ్లు రాశారు. మున్వర్ దాన్ని చదివించుకొని జేబులో పెట్టుకున్నాడు. పోతే బూట్లు తొడగాలి. బూట్లు తొడిగిన కాళ్లతో ఆగస్టులో వచ్చి గుండం దిగితే మళ్లీ కాలుతుంది. రాకపోతే పీరు పోతుంది, పోయినవాడు మైలపడినవాడే అన్న మాట ఆ ఇంటి మీద శాశ్వతంగా నిలిచిపోతుంది. రెండూ కలిపి చేసే దారి లేదు. ఎన్నిసార్లు ఆలోచించినా అక్కడికే వచ్చేది.

ఖైరున్నీసాకు అన్నీ తెలుసు. ఆమె సముద్రం చూడలేదు. ట్రంకు పెట్టె ఇంకా విప్పలేదు. వారం రోజులు వాడి వాలకం చూసి చూసి ఒక పొద్దున అన్నం పెడుతూ చెప్పింది.

"పోదామంటే ఈ పొద్దే వస్తా. ఉందామంటే ఆ పెట్టె విప్పి చీరలు కొయ్యకు తగిలిస్తా. నువ్వు రెండిట్లో ఏదంటే అది. కానీ అన్నం ముందర పెట్టుకొని యాడికో చూస్తా కూర్చుంటే మాత్రం నేను చూడలేనప్పా."

ఆ సాయంత్రం మున్వర్ చావిడికి పోయాడు. తండ్రి పీర్ల పెట్టె ముందు ఒక కాలు చాచి కూర్చొని, గుడ్డతో తాళం తుడుస్తున్నాడు. పండగకు ఇంకా ఆరు నెలలుంది. తుడవడానికి అక్కడ దుమ్ము కూడా లేదు. మున్వర్ గుమ్మం దగ్గరే నిలబడి చూసి, అట్నుంచి అటే ఇంటికి వచ్చి, పెట్టె విప్పమని ఖైరున్నీసాకు చెప్పాడు. ఆమె విప్పింది. విప్పేటప్పుడు ఏడ్చింది కూడా. కంపెనీకి జవాబు గురురాజారావు చేత ఇంగ్లీషులో రాయించాడు. ఆయన ఒక్కో వాక్యానికి ఒక్కో తిట్టు తిడుతూ రాసి, సంతకం పెట్టించుకొని, తానే పోయి పోస్టులో వేశాడు.

ఆ రోజు నుంచి మున్వర్ చెప్పులు తొడగలేదు. కడప జిల్లా వేసవి సంగతి చెప్పాల్సిన పనిలేదు. తారు కరిగి బండి చక్రాలకు అంటుకునే ఎండల్లో వట్టికాళ్లతో దువ్వూరు దాకా నడిచిపోయి నడిచి వచ్చేవాడు. గండిలో ఆంజనేయస్వామికి మొక్కుకున్నవాళ్ల గుంపుతో కలిసి పులివెందుల మీదుగా అంత దూరమూ నడిచాడు. వేడి ఇసుకలో నిలబడి, కాళ్లు తట్టుకోలేనంటే ఇంకొంచెం సేపు నిలబడేవాడు. కొలంబోకు ముందు ఆట కోసం ఎంత కష్టపడ్డాడో, ఆట మానుకోవడానికి అంతకు రెట్టింపు పడ్డాడు. మే నెలకల్లా అరికాళ్లు గట్టిపడటం మొదలైంది. మళ్లీ ఆ తోలు మందం వేళ్లకు తగిలిన రోజు సంతోషపడాల్సిందే. వాడు మాత్రం ఆ పాదాన్ని లుంగీ అంచుతో కప్పేశాడు. సాయంత్రాలు హైస్కూలు వైపు మాత్రం పోయేవాడు కాదు, అక్కడ పిల్లలు ఆడుతుంటారు.

మొహర్రం వచ్చింది. జనం ఎప్పటికంటే ఎక్కువ వచ్చారు, కాలుతుందా లేదా చూడటానికి. జమ్మలమడుగు నుంచి కూడా వచ్చారు. మున్వర్ పెద్ద పీరును ఎత్తుకొని, తల వంచుకొని, మూడుసార్లు నిదానంగా దాటాడు. దాటి వచ్చి కాళ్లు చాపి చూపించాడు. బూడిద తప్ప ఏమీ లేదు. చావిడి దద్దరిల్లింది. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి ఆ పాదాల మీద పోసి, ఆ నీళ్లు పిల్లల నెత్తిన చల్లుకున్నారు. తాగుబోతన్న నోళ్లే దేవుడంటివాడన్నాయి. అందరికంటే ముందు వచ్చి పాదాలు కళ్లకద్దుకున్నది సర్దార్. నిజంగానే అద్దుకున్నాడు, ముఖంలో కల్లాకపటం లేదు.

జనం పలచబడ్డాక, పొద్దు బాగా ఎక్కాక, తండ్రీ కొడుకులు చావిడి అరుగు మీద కూర్చున్నారు. ఫకీర్ సాహెబు కొడుకు పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. బూడిద తుడిచాడు. అరికాలంతా చేత్తో తడిమి చూశాడు.

"కొలంబో నుంచి జాబు వచ్చినట్టు అయివారు నాకు చెప్పినాడు," అన్నాడు.

మున్వర్ ఆరుతున్న గుండం వైపు తల తిప్పాడు.

"నువ్వు ఎండలో ఎందుకు తిరుగుతాండావో కూడా తెలుసు. ముప్పయ్యేండ్లు దాటినోన్ని, నాకు తెల్దా? నిరుడు నువ్వు వచ్చిన దినమే నీ కాళ్లు చూసినా. బక్రీదు నుంచి చెప్పుల్లేకుండా ఉండాల్సినోడు నాలుగు దినాల ముందర వచ్చినాడే, వద్దందామా అనుకుంటి. పీరు సర్దార్ ఇంటికి పోతాదని ఊరకుంటి." ముసలాయన వేళ్ల సందుల్లో మిగిలిన బూడిదను మళ్లీ తుడిచాడు. "నువ్వు ఒకసారి దాటి అవతలకు వచ్చినప్పుడు నీ ముఖం చూస్తానే తెలిసింది. చెయ్యి చాపితి పీరు అందుకుందామని. జనమంతా చూస్తాండారు. చాపిన చెయ్యి మళ్లీ వెనక్కి తీసుకుంటి. ఈ మాట నీకు చెప్పకుండా నేను చావలేనురా."

మున్వర్ పాదం తండ్రి ఒళ్లోనే ఉంది. తీసుకోలేదు.

"నువ్వు చెయ్యి వెనక్కి తీసుకునేది నేను చూసినా నాయనా," అన్నాడు. "చూసే ఇంకా రెండుసార్లు దాటినా."